రొయ్యలు రోజుకొకటి చస్తున్నాయి, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) మాత్రం పాత ఇంట్లో ఉన్నంతే ఉంది. ఎక్కడ తప్పుతున్నా?

కొర్లగుంట_తొట్టి (తిరుపతి) • శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివి పోయేవాణ్ణే, ఇవాళ తప్పక రాస్తున్నా.

రెండడుగుల తొట్టి, 55 లీటర్లు. మూడేళ్ళుగా ఎర్ర చెర్రీ రొయ్యలు పెంచుతున్నా. పదితో మొదలుపెట్టి అరవై దాకా చేశాను. వాటితో ఆరు మగ గప్పీ చేపలు. మొక్కలంటే జావా మాస్, వాలిస్నేరియా, కొంచెం రోటాలా. కొర్లగుంటలో అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు. రెండు నెలల కిందట తిరుచానూరు రోడ్డులో అపార్ట్‌మెంటుకి మారాం. మొదటి మూడు వారాలు బాగానే ఉన్నాయి. తర్వాత రోజుకొకటి, ఒక్కోసారి రెండు. ఈ పొద్దున లెక్కపెడితే కనిపించినవి ఇరవై రెండు.

కొలతలు: అమోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 10, పీహెచ్ 7.6, వేడి 28 డిగ్రీలు, టీడీఎస్ 250. నీళ్ళు పాత లెక్కే: ఒక పాలు బోరు, మూడు పాళ్ళు ఆర్వో. పాత ఇంట్లో బోరు 900 ఉండేది, ఇక్కడ కుళాయి నీళ్ళు 930. అంటే ఏమీ మారలేదు కదా. చేపలు మాత్రం ఈదుకుంటూ హాయిగా ఉన్నాయి.

రొయ్యలోడు (రేణిగుంట) • శనివారం రాత్రి 10:05

చేపలు బాగుండి రొయ్యలే పోతున్నాయంటే నాకు ముందు విషమే గుర్తొస్తాది అన్నా. ఇవి చెప్పు. చేపల మందు ఏదైనా పోశావా? తెల్లమచ్చల మందుల్లో కొన్నిట్లో రాగి ఉంటాది, చేప తట్టుకుంటాది, రొయ్య తట్టుకోదు. కొత్త ఫ్లాట్ కదా, రంగులు వేసినారా? దోమల స్ప్రే కొట్టినారా? పురుగుల మందు పురుగును చంపేదానికే కదా చేసేది, రొయ్య కూడా దాని చుట్టమే. మా ఇంట్లో మా బావ బొద్దింకల స్ప్రే కొట్టిన రోజున నలభై రొయ్యలు ఒక్క రాత్రికి పోయినాయి. ఏర్ పంపు గదిలో గాలినంతా లాగి తొట్టిలోకి ఊదేస్తాది, అది మర్చిపోతారు జనం.

గప్పీ_గిరింపేట (చిత్తూరు) • శనివారం రాత్రి 10:20

కల్లుప్పు ఒక గుప్పెడు వెయ్యండి సార్. నేను పదేళ్ళుగా చేపలకి ఏం వచ్చినా అదే వేస్తా. మా ఇంట్లో ఆర్వో గీర్వో ఏమీ లేదు, 1100 టీడీఎస్ బోరు నీళ్ళే నేరుగా పోస్తా. మోలీలు పందుల్లా పెరుగుతుండాయి.

నాచురాణి (తిరుపతి) • శనివారం రాత్రి 10:31

ఉప్పు వద్దు, దయచేసి వద్దు. మోలీకి పనికొచ్చింది చెర్రీకి పనికిరాదు. జబ్బేమిటో తెలియకముందే మందు వేసే అలవాటు ఈ గ్రూపులో ఎప్పటికి పోతుందో.

తమ్ముడూ, మొక్కలు ఎలా ఉన్నాయో చెప్పు. ముఖ్యంగా కొత్త ఆకులు. వీలైతే ఫొటో పెట్టు. రొయ్య చచ్చాక చెబుతుంది, మొక్క ముందే చెబుతుంది.

కొర్లగుంట_తొట్టి • శనివారం రాత్రి 11:15

@రొయ్యలోడు మందులేవీ పోయలేదు. ఫ్లాట్ కొత్తదేం కాదు, రంగులు వేసి ఏడాది దాటిందట. దోమలకి మేము తెర కట్టుకుంటాం, స్ప్రే లేదు.

@నాచురాణి అక్కా, ఫొటో పెట్టాను. మీరు అడిగాకే సరిగ్గా చూశాను. వాలిస్నేరియా పాత ఆకులు నిటారుగా, పచ్చగా ఉన్నాయి. మధ్యలోంచి వచ్చే కొత్త ఆకులు మాత్రం పొట్టిగా, మెలితిరిగి, కొసలు గిల్లినట్టు ఉన్నాయి. రోటాలా చిగుళ్ళు కూడా ముడుచుకుపోతున్నాయి. వెలుతురు తక్కువైందేమో అనుకున్నా.

ఇంకో సంగతి. ఇప్పుడే టార్చి వేసి చూస్తుంటే మాస్ మీద ఒక ఆడ రొయ్య పక్కకి ఒరిగి కాళ్ళు ఆడిస్తోంది. తలపెంకుకీ వెనక ఒంటికీ మధ్యన మెడ చుట్టూ సన్నటి తెల్ల గీత ఉంది, దారం కట్టినట్టు. చొక్కా తలలోంచి తీస్తుంటే భుజాల దగ్గర ఇరుక్కున్నట్టు సగం పెంకు వదిలి ఆగిపోయింది. పదిహేను నిమిషాలు చూశాను. అంతే, కదలడం మానేసింది.

రొయ్యలోడు • శనివారం రాత్రి 11:28

అయ్యో. అది విషం కాదన్నా, నా మాట వెనక్కి తీసుకుంటా. అది పెంకు విడవలేక చావడం. పాము కుబుసం విడిచినట్టు రొయ్య మూడు నాలుగు వారాలకోసారి పెంకు విడుస్తాది, పిల్లలైతే ఇంకా తొందరగా. మామూలుగా ఆ మెడ దగ్గర పెంకు తెరుచుకుంటే ఒక్క తోపుతో వెనక్కి జారి బయటికొచ్చేస్తాది, రెప్పపాటు పని. తెల్ల గీత చుట్టూ తిరిగి, రొయ్య బయటికి రాలేదంటే నీళ్ళల్లో కాల్షియం సంగతి చూడాల్సిందే. జీహెచ్ (నీళ్ళల్లో కాల్షియం, మెగ్నీషియం కలిపిన లెక్క) ఎంత?

కొర్లగుంట_తొట్టి • శనివారం రాత్రి 11:34

జీహెచ్ కిట్ లేదన్నా. ఎప్పుడూ టీడీఎస్ మీటరుతోనే లాగించేశా. పాత ఇంట్లో ఒకసారి షాపులో కొలిపిస్తే 7 అన్నారు. ఇప్పుడూ టీడీఎస్ అంతే ఉంది కాబట్టి జీహెచ్ కూడా అంతే ఉండాలి కదా?

కొత్తచేప (శ్రీకాళహస్తి) • ఆదివారం ఉదయం 7:02

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. 55 లీటర్లలో గోల్డ్‌ఫిష్‌లు ఎన్ని పెట్టొచ్చు?

నాచురాణి • ఆదివారం ఉదయం 7:20

సున్నా.

బోరుబావి_మేష్టారు (తిరుపతి, బైరాగిపట్టెడ) • ఆదివారం ఉదయం 8:10

నాయనా కొర్లగుంటా, నాకు రొయ్యల గురించి తెలిసింది తక్కువ, నీళ్ళ గురించి కొంచెం తెలుసు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పాను. మూడు ప్రశ్నలు అడుగుతా. మీ అమ్మగారినో, ఇంట్లో వంట చేసేవాళ్ళనో కనుక్కుని జవాబు రాయి.

ఇల్లు మారాక కందిపప్పు ఉడకడంలో తేడా ఉందా? స్నానం చేస్తే సబ్బు జిడ్డు ఒంటి మీంచి తొందరగా పోతోందా, పోవట్లేదా? మీ అపార్ట్‌మెంటులో మోటారు గది దగ్గరికి ఎప్పుడైనా ఉప్పు మూటలు రావడం చూశావా?

గప్పీ_గిరింపేట • ఆదివారం ఉదయం 8:16

మేష్టారూ, రొయ్యల పులుసు పెడుతుండారా ఏంది 😄

కొర్లగుంట_తొట్టి • ఆదివారం ఉదయం 9:45

మేష్టారూ, మీరు మా ఇంటికి గానీ వచ్చి వెళ్ళారా?

అమ్మని అడగ్గానే మొదలుపెట్టింది. కొర్లగుంటలో ఆరు విజిళ్ళు వచ్చినా పప్పు బద్దలు బద్దలుగానే ఉండేదట, చిటికెడు వంటసోడా వేసేదాన్నని ఇప్పుడు చెబుతోంది. ఇక్కడ మూడో విజిల్‌కే వెన్నలా అయిపోతోందట. 'ఇక్కడి నీళ్ళు మంచినీళ్ళురా, అక్కడివి ఉప్పునీళ్ళు' అంటోంది. సబ్బు సంగతి నాకే తెలుసు, నురగ తెగ వస్తుంది, ఎన్ని చెంబులు పోసుకున్నా ఒళ్ళు జారుతూనే ఉంటుంది. బకెట్లకీ కుళాయిలకీ తెల్లగా ఉప్పు పేరుకోవడం ఇక్కడ అస్సలు లేదు.

మూటల గురించి వాచ్‌మన్‌ని అడిగా. పదిరోజులకోసారి రెండు మూటలు వస్తాయట. ట్యాంకు కడిగేదానికి అనుకున్నాడట. మోటారు గదిలో నీలం రంగు పొడుగాటి సిలిండరు ఒకటి, పక్కన ఉప్పునీళ్ళ డ్రమ్ము ఉన్నాయి.

బోరుబావి_మేష్టారు • ఆదివారం ఉదయం 10:30

అయితే దొరికింది. అది సాఫ్టనర్ ప్లాంటు. తిరుపతిలో ఇప్పుడు చాలా అపార్ట్‌మెంట్లలో పెడుతున్నారు. కారణం మంచిదే, మన బోర్లు లోతుకి పోయే కొద్దీ కాల్షియం, మెగ్నీషియం దండిగా వస్తాయి, గీజర్లు పాడైపోతాయి.

ఆ సిలిండరులో చిన్న చిన్న పూసలుంటాయి, వాటికి సోడియం అంటిపెట్టుకుని ఉంటుంది. బోరు నీళ్ళు వాటి మీదుగా పోతుంటే పూసలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని సోడియాన్ని వదిలేస్తాయి. పూసలు నిండిపోయాక ఉప్పునీళ్ళతో కడిగితే మళ్ళీ సోడియం ఎక్కుతుంది, అందుకే ఆ మూటలు. నీళ్ళలోంచి ఏమీ తీసేయలేదు చూశావా, ఒకటి ఇచ్చి ఇంకొకటి పుచ్చుకుంది. ఒక కాల్షియం పోతే రెండు సోడియాలు వస్తాయి. కాల్షియం బరువు 40, రెండు సోడియాలు కలిపి 46. అందుకని టీడీఎస్ తగ్గదు, రవ్వంత పెరుగుతుంది కూడా.

ఇక మీ మీటరు. అది ఏ లవణమో చూడదు. నీళ్ళలో కరెంటు ఎంత సులువుగా పోతోందో చూసి దాన్నొక సంఖ్యతో గుణించి చూపిస్తుంది. దానికి సోడియమైనా కాల్షియమైనా ఒకటే. సంచీ బరువు తూచినట్టు, లోపల బియ్యమా ఇసుకా అని తక్కెడకేం తెలుసు. పాత ఇంట్లో నీ 250లో కాల్షియం ఉంది, ఇప్పటి 250లో సోడియం ఉంది. కేహెచ్, అంటే బైకార్బనేట్ లెక్క, మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే బైకార్బనేట్ జోలికి సాఫ్టనర్ పోదు. అందుకే పీహెచ్ కూడా మారలేదు, నీకు అనుమానం రాలేదు.

కిట్ వచ్చే లోపల ఇది చేసి చూడు. ఒకే రకం సీసాలు రెండు. ఒకదాంట్లో మీ కుళాయి నీళ్ళు, ఇంకోదాంట్లో సాఫ్టనర్ లేని బోరు నీళ్ళు ఎవరింట్లోంచైనా తెచ్చి, సగం సగం పొయ్యి. చాకుతో గీకిన ఒంటి సబ్బు తునకలు సమానంగా వేసి ఇరవైసార్లు కుదుపు. గిన్నెలు తోమే లిక్విడ్ వాడకు, అది కాల్షియం ఉన్న నీళ్ళలోనూ నురగ తెస్తుంది, తేడా తెలియదు.

వేరుశెనగ_వాసు (పాకాల దగ్గర) • ఆదివారం ఉదయం 11:02

మేష్టారు చెప్పినాక నాకు మా చేను గుర్తొచ్చినాది. శెనక్కాయకు ఊడలు దిగే టయానికి ఎకరాకు 200 కిలోల జిప్సం ఎందుకు వేస్తాం? కాల్షియం లేకపోతే పైన చెట్టు పచ్చగా ఏపుగా ఉంటాది, పీకి చూస్తే కాయలన్నీ తాలు. తూకం వేస్తే చెట్టు బరువు బాగానే ఉంటాది మరి. ఈన రొయ్యలదీ అదే కత మాదిరి ఉండాది.

నాచురాణి • ఆదివారం ఉదయం 11:15

మొక్కల లెక్క కూడా సరిపోయింది. కాల్షియం మొక్కలో ఒకసారి ఒక ఆకుకి చేరితే అక్కడే ఉండిపోతుంది, పాత ఆకులోంచి కొత్త ఆకుకి పోదు. అందుకే కొరత కొత్త చిగుళ్ళలోనే కనబడుతుంది, మెలికలు, పొట్టిదనం. మెగ్నీషియమైతే కదులుతుంది, అది తక్కువైతే పాత ఆకులు ఈనెల మధ్య పసుపెక్కుతాయి. నీ పాత ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. మొదట తెలిసింది కాల్షియం లోటే.

మొదటి మూడు వారాలు ఎందుకు బాగున్నాయో కూడా అర్థమవుతోంది. తొట్టిలో పాత నీళ్ళు ఉన్నాయి, నువ్వు వారం వారం మార్చే కొద్దీ కాల్షియం పలచబడింది. పైగా ఒకసారి పెంకు విడిచిన రొయ్య మళ్ళీ విడవడానికి మూడు వారాలు పడుతుంది.

కొర్లగుంట_తొట్టి • ఆదివారం సాయంత్రం 6:50

సీసాల పరీక్ష అయింది. బోరు నీళ్ళు మా పాత ఇంటి ఓనర్ దగ్గర్నుంచి తెచ్చా, ఆయన నన్ను వింతగా చూశాడు.

పాత ఇంటి సీసా: ఇరవైసార్లు కుదిపినా పైన నురగ వేలెడు కూడా లేదు, ఉన్నది కూడా నిమిషంలో చచ్చిపోయింది. నీళ్ళు పాలవిరుగుడులా తెల్లబడ్డాయి, పైన పొట్టులాంటి తెట్టు. మా కుళాయి సీసా: మూత దాకా నురగ, కింద నీళ్ళు తేటగా ఉన్నాయి. పది నిమిషాలైనా దిగలేదు. అమ్మ రెండు సీసాలూ చూసి 'ఇంత చదువు చదివి పప్పు ఉడికే నీళ్ళేవో తెలుసుకోవడానికి ఇదంతానా' అంది.

@రొయ్యలోడు అన్న జీహెచ్ చుక్కల సీసా పంపించాడు, బస్టాండులో తీసుకున్నా. తొట్టి నీళ్ళు 5 మిల్లీలీటర్లు పట్టి, ఒక చుక్క వేశా. రంగు ఆరెంజ్‌లో నిలబడకుండా మొదటి చుక్కకే పచ్చబడిపోయింది. పాత ఇంటి బోరు నీళ్ళకి 28 చుక్కలు పట్టాయి.

రొయ్యలోడు • ఆదివారం సాయంత్రం 7:05

ఒక్కో చుక్క ఒక డిగ్రీ జీహెచ్ కదా, 28ని నాలుగు పాళ్ళు చేస్తే 7. నీ పాత తొట్టి అదే. ఇప్పుడున్నది ఒకటి కూడా కాదు. చెర్రీకి 6 నుంచి 8 ఉంటే హాయి.

గప్పీ_గిరింపేట • ఆదివారం సాయంత్రం 7:12

నేను ఉప్పు వెయ్యమన్నా, ఆ అపార్ట్‌మెంటోళ్ళు ముందే మూటలు మూటలు వేసినారన్నమాట. సరే, నాదే తప్పు. గుడ్డు పెంకులు కడిగి వేస్తే సరిపోదా? కాల్షియమే కదా. ఊరికే వస్తాది.

బోరుబావి_మేష్టారు • ఆదివారం సాయంత్రం 7:40

గుడ్డు పెంకైనా, ఆల్చిప్పయినా కాల్షియం కార్బనేటే. అది పుల్లటి నీళ్ళలో కరుగుతుంది. పీహెచ్ 7.6లో, కేహెచ్ ఉన్న చోట తొట్టి అడుగున బొమ్మలా కూర్చుంటుంది. పెట్టినా నష్టం లేదు, దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు.

వేరుశెనగ_వాసు • ఆదివారం రాత్రి 8:00

జిప్సం కరుగుతాది కదా సార్? మా దగ్గర మూటలుండాయి.

బోరుబావి_మేష్టారు • ఆదివారం రాత్రి 8:25

కరుగుతుంది, పీహెచ్‌తో పని లేకుండా, కొంచెం నిదానంగా. కానీ చేను జిప్సంలో మట్టీ మశానమూ ఉంటాయి, అది వద్దు వాసూ. శుద్ధమైనది దొరికితే లెక్క ఇదీ: 50 లీటర్లకి జీహెచ్ ఒక డిగ్రీ పెరగాలంటే జిప్సం ఒకటిన్నర గ్రాము, లేదా ఎప్సమ్ ఉప్పు రెండు గ్రాముల పైచిలుకు. కాల్షియం మూడు పాళ్ళు, మెగ్నీషియం ఒక పాలు ఉండేలా చూసుకోవాలి. తొట్టిలో నేరుగా వేయకూడదు, మార్చబోయే నీళ్ళలో ముందురోజే కలపాలి.

అయినా ఇదంతా దేనికి? కొర్లగుంటా, మీ అపార్ట్‌మెంటులో పచ్చగడ్డి, పూలమొక్కలు ఉన్నాయా? వాటికి నీళ్ళు ఏ కుళాయిలోంచి పడతారో చూడు. సోడియం నీళ్ళు పోస్తూ పోతే మట్టి బిగుసుకుపోతుంది, అందుకని తోట పైపు సాఫ్టనర్‌కి ముందే విడదీయడం అలవాటు.

కొర్లగుంట_తొట్టి • సోమవారం ఉదయం 6:35

దొరికింది! సెల్లారులో, మెట్ల వెనక ఇత్తడి కుళాయి. నోటి చుట్టూ తెల్లగా ఉప్పు గడ్డకట్టి ఉంది, దాన్ని చూసి ఇంత సంతోషపడతానని అనుకోలేదు. చుక్కలు వేశా, 26. ఇవాళే సగం నీళ్ళు మార్చేస్తా.

నాచురాణి • సోమవారం ఉదయం 6:38

ఆగు ఆగు ఆగు. మార్చకు.

రొయ్యలోడు • సోమవారం ఉదయం 6:50

అక్క చెప్పింది నిజం అన్నా. జీహెచ్ ఒక్కసారిగా ఎగిరిందంటే ఆ అదురుకి అన్నీ కలిసి పెంకు విడిచేస్తాయి, లోపల కొత్త పెంకు తయారు కాకముందే. మిగిలిన ఇరవై కూడా పోతాయి. రోజూ ఐదు లీటర్లు తియ్యి, ఒక పాలు తోట కుళాయి నీళ్ళు, మూడు పాళ్ళు ఆర్వో కలిపి బొట్టు బొట్టుగా పొయ్యి. సెలైన్ గొట్టానికి ముడి వేసి వదిలితే సరి. బోరు నీళ్ళు ముందురోజు బకెట్టులో పట్టి ఏర్ రాయి వేసి పెట్టు, లోతు నుంచి వచ్చిన నీళ్ళల్లో ప్రాణవాయువు తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. రాత్రికి తేరుకుంటాది. రోజుకి అర డిగ్రీ పెరిగితే చాలు. విడిచిన పెంకులు తీసెయ్యొద్దు, వాటినే తింటాయి.

నాచురాణి • సోమవారం ఉదయం 7:05

ఇంకొకటి. ఎండలు ముదురుతున్నాయి, ఫ్యాను పెట్టే ఉంటావు. మన తిరుపతి పొడి ఎండలో తొట్టి మీద ఫ్యాను రెండు మూడు డిగ్రీలు దించుతుంది, దానికి సాటి లేదు, కానీ నీళ్ళు రోజూ ఇగురుతాయి. ఇగిరేది నీళ్ళే, లవణాలు తొట్టిలోనే ఉంటాయి. కాబట్టి తగ్గిన మేరకి ఉత్త ఆర్వో పొయ్యి. బోరు పోస్తే నెల తిరిగేసరికి జీహెచ్ 12 అయి కూర్చుంటుంది. నీళ్ళు మార్చేటప్పుడు మాత్రం కలిపినవి. ఈ రెండిటికీ తేడా తెలియక నేనొక వేసవి మొత్తం క్రిప్టో (క్రిప్టోకొరైన్) మొక్కలు కరగబెట్టుకున్నా.

కొర్లగుంట_తొట్టి • 12 రోజుల తర్వాత

జీహెచ్ 5. చావులు: మొదటి నాలుగు రోజుల్లో మూడు, తర్వాత ఒకటి. ఈ వారం ఏమీ లేదు. మీటరు పారేద్దామనుకున్నా గానీ ఆర్వో ఫిల్టరు ఎప్పుడు మార్చాలో అది చెబుతుంది, ఉంచుకున్నా.

కొత్తచేప • 12 రోజుల తర్వాత

అన్నా, మా ఇంట్లోనూ సాఫ్టనర్ ఉందని ఇప్పుడే తెలిసింది. గోల్డ్‌ఫిష్‌లు ఆల్రెడీ తెచ్చేశాను. రెండు. గుండ్రటి గాజు గిన్నెలో.

నాచురాణి • 12 రోజుల తర్వాత

నీకు వేరే పోస్టు పెట్టాలి తమ్ముడూ. ఇవాళ్టికి గిన్నెలోంచి పెద్ద బకెట్టులోకి మార్చు, ఏర్ పంపు పెట్టు, తిండి ఆపు. మిగతాది రాత్రికి మాట్లాడదాం.

కొర్లగుంట_తొట్టి • 7 వారాల తర్వాత

జీహెచ్ 7 దగ్గర నిలబడింది. వాలిస్నేరియా మెలికల ఆకులు అలాగే ఉన్నాయి, అవి ఇక బాగుపడవు, కత్తిరించేశా. వాటి మధ్య నుంచి వచ్చిన నాలుగు ఆకులు కత్తిలా నిటారుగా ఉన్నాయి.

నిన్న రాత్రి టార్చి వేసి చూస్తే మాస్ కింద ఒక ఆడది పొట్ట కింద పచ్చటి గుడ్లు మోసుకుని, కాళ్ళతో విసురుతూ నిలబడి ఉంది. పక్కనే అద్దం మీద దుమ్ము కదిలినట్టు అనిపించి దగ్గరికెళ్ళి చూశా. దుమ్ము కాదు, బియ్యపు నూకంత కూడా లేని పిల్లలు, ఒళ్ళంతా గాజులా, రెండు కళ్ళు మాత్రం నల్లటి చుక్కలు. పదకొండు లెక్కపెట్టా, పన్నెండోది గప్పీ నోట్లోకి పోయింది. గప్పీలని ఈ ఉదయం వేరే తొట్టిలోకి మార్చా.

ఇంట్లో ఇప్పుడు రెండు బిందెలు. తోట కుళాయి నీళ్ళ బిందె మీద అమ్మ సున్నంతో పెద్ద ఇంటూ గుర్తు వేసింది, పప్పులో పొరపాటున కూడా పోయకుండా.

గప్పీ_గిరింపేట • 7 వారాల తర్వాత

ఆ ఆరు మగ గప్పీలు నాకియ్యి సామీ. వచ్చే ఆదివారం తిరుపతికి వస్తుండా. మోలీలు రెండు జతలు తెస్తా, వాచ్‌మన్‌కి ఇయ్యి.